గంటలమ్మగారి వయసు

తెలివితక్కువతనానికి కొలబద్ద ఉంటే నాది చర్చి టవరంత ఎత్తు. ఇది గొప్పకు చెబుతున్నది కాదు. ఆ టవర్లోనే, పదిమంది చూస్తుండగా, ఆ ఎత్తులో కొంతదూరం నేను స్వయంగా ప్రయాణం చేశాను. ఎవరూ అడక్కుండానే నోరు జారిన "నాకు గంట కొట్టడం వచ్చు" అన్న ఒక్క మాటే దానికి టికెట్టు.

మరుగున పడ్డ ఈ సంగతిని మళ్ళీ తవ్వి తీసింది మా అమ్మ. మొన్న మోకాళ్ళ నొప్పికి ఆమెను సర్జరీకి, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్కుకి, తీసుకెళ్ళాను. రిసెప్షన్లో అమ్మాయి పుట్టినతేదీ అడిగితే అమ్మ నావైపు తిరిగి, "ఏది చెప్పమంటావురా, సర్టిఫికెట్టుదా, అసలుదా?" అంది. సర్టిఫికెట్టుదే చెప్పించాను. వెయిటింగ్ రూములో కూర్చున్నాక ఇద్దరికీ ఒకేసారి ఒకే మనిషి గుర్తొచ్చింది. అమ్మ శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది, డాక్టరు పిలిచేదాకా.

మేం ఇంగ్లండులోని ఆ పల్లెకి చేరి అప్పటికి ఏడాది కాలేదు. పల్లె అంటే ఒక వీధి, ఒక పబ్బు, బ్రెడ్డూ స్టాంపులూ కలిపి అమ్మే ఒక కొట్టు, వాటన్నిటికీ ముత్తాతలాంటి చర్చి. ఊరి చివర పాత బంగళాలో ముసలివాళ్ళ కేర్ హోమ్. అమ్మ అందులో నర్సు. మాకు పై అంతస్తులో రెండు గదులిచ్చారు. నాన్న లండన్ పక్క హౌన్స్‌లోలో నలుగురితో కలిసి ఒక ఇంట్లో ఉంటూ ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎత్తేవాడు. డ్యూటీల రోటా కరుణించినప్పుడు వచ్చి, పడుకుని, లేచి వెళ్ళిపోయేవాడు. అమ్మ ఉల్లిపాయలు వేయించినప్పుడల్లా పొగ అలారం మోగేది. కింద ముసలివాళ్ళు అది భోజనాల గంట అనుకుని చేతికర్రలు పట్టుకుని డైనింగ్ రూముకి బయల్దేరేవారు. మేనేజరు రెండుసార్లు మెల్లగా చెప్పి, మూడోసారి తనూ ఒక ప్లేటు తెచ్చుకుంది.

మొదటి ఆదివారం చర్చికి వెళ్ళినప్పుడు అమ్మ వసారాలో చెప్పులు విప్పింది, నాచేతా విప్పించింది. గుడిలోకి చెప్పులతో వెళ్ళే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు. లోపల నేలంతా రాతిపలకలు. వాటికింద ఎవరో పాతకాలపు దొరలు పడుకుని ఉన్నారని రాసి ఉంది. వాళ్ళ చలంతా నా మేజోళ్ళలోంచి మోకాళ్ళదాకా ఎక్కింది. ఆడవాళ్ళు ఎడమపక్క, మగవాళ్ళు కుడిపక్క కూర్చోవాలి గనక అమ్మ నన్ను అటు తోసి తను ఇటు కూర్చుంది. తీరా చూస్తే మొగుడూపెళ్ళాలు పక్కపక్కనే కూర్చున్నారు, మేమిద్దరమే పోట్లాడుకున్నవాళ్ళలా చెరో పక్కన. చెమ్మా, మైనం పాలిషూ, పాత పుస్తకాల అట్టలూ కలిసిన వాసన. ఆరాధనయ్యాక కాఫీ, బిస్కెట్లు. నా కోటు జేబులకి ఆ బిస్కెట్ల పొడి సోమవారం కూడా వదిలేది కాదు.

గంటల సంగతి ఆ బిస్కెట్ల దగ్గరే మొదలైంది. గంటలు మోగించేవాళ్ళు తగ్గిపోయారనీ, పిల్లలెవరైనా నేర్చుకుంటే బావుంటుందనీ చర్చి పాస్టరు వికర్ గారు అన్నారు. నోటినిండా బిస్కెట్టుతోనే నేను ఆ మాట అనేశాను.

నా ధైర్యానికి కారణం మా తాతయ్య, అమ్మ వాళ్ళ నాన్న. గుంటూరు వైపు ఒక పల్లెలో ఆయన మా చర్చి గుడిగంట కొట్టేవాడు. మొదటి గంటకి ఊరు స్నానానికి లేచేది, రెండో గంటకి గుడిముందు చేరేది. సెలవులకి వెళ్ళినప్పుడు నేను ఆ గంట గొలుసు పట్టుకుని ఉయ్యాల ఊగేవాణ్ణి, తాతయ్య నవ్వేవాడు. ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే మాత్రం ఆ గొలుసు ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఒక్కో దెబ్బకీ మధ్య ఊపిరి పీల్చుకునేంత ఎడమిచ్చి కొట్టేవాడు. ఎన్ని కొట్టాలి తాతయ్యా అంటే, "మనసు నిండేదాకా" అనేవాడు. లెక్కంటూ లేదు.

ఇక్కడి టవర్లో అన్నిటికీ లెక్కే. ఆ లెక్కల యజమానురాలు టవర్ కెప్టెన్, అంటే గంటలవాళ్ళకి పెద్ద. పొడుగాటి ముసలావిడ, ఎండలో కూడా కోటు, ఆ కోటుకి కుక్కవాసనా పిప్పరమెంటు వాసనా. ఆవిడ పేరుకి నోరు తిరగక అమ్మ గంటలమ్మ అని పెట్టింది. ఆ తర్వాత ఎంతైనా పెద్దావిడ కదా అని "గారు" తగిలించింది.

గంటల గదిలో పైకప్పు నుంచి తాళ్ళు గుండ్రంగా వేలాడుతున్నాయి. ప్రతి తాడుకీ చేతికందేచోట మెత్తటి ఉన్ని చుట్టి, ఎర్రనీ తెల్లనీ చారలతో, గొంగళిపురుగుల్లా. చెప్పేదాకా దేన్నీ ముట్టుకోవద్దని గంటలమ్మగారు చెప్పి అటు తిరిగారు. మా ఊరి గంట నోరు ఎప్పుడూ కిందికే ఉంటుంది. ఇక్కడ మాత్రం మోగించే ముందు గంటని తలకిందులు చేసి, నోరు ఆకాశానికి పెట్టి, ఒక చెక్క ఊతం మీద నిలబెట్టి ఉంచుతారు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పేవారే, నేను ఆగివుంటే. తాతయ్యని తల్చుకుని, దగ్గరున్న తాడు పట్టుకుని, బలంకొద్దీ లాగాను.

మా ఊరి గంట లాగితే పలుకుతుంది. ఈ ఊరి గంట లాగితే లాక్కెళుతుంది. కింద గది చిన్నదైపోవడం చూశాను. పైన ఏదో కట్టె ఫెళ్ళున విరిగింది. "వదులు" అని గంటలమ్మగారు ఒక్క మాట అన్నారు, నా చేతులు నాకంటే తెలివైనవి గనక వదిలేశాయి. చాపమీద పడ్డాను. నా నెత్తిమీద తాడు పాములా కొట్టుకుంటూ, గోడలని బాదుతూ, చాలాసేపటికి ఆగింది. అది తగిలివుంటే మెడ విరిగేదని ఆవిడ తర్వాత మా అమ్మకి తీరిగ్గా వివరించారు.

మనవాళ్ళు తాడో పేడో తేల్చుకుంటాం అంటారు. నాకు గంటలమ్మగారు ముందు పేడే తేల్చారు. టవర్ మెట్ల నిండా కాకిజాతి పక్షులు గూళ్ళకి తెచ్చిపడేసిన పుల్లలు, వాటి రెట్టలు. ఆ చలికాలమంతా చీపురు నాది. వసంతం వచ్చాక తాడు ఇచ్చారు, అదీ సగమే: ఉన్ని పట్టుకుని లాగే వంతు నాది, పైకెళ్ళిన తాడు కొస పట్టుకుని వెనక్కి లాగే వంతు ఆవిడది. అన్నిటికన్నా మండే సంగతి ఇంకోటుంది. వికర్ దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా ఎవరొచ్చినా నన్ను చూపించి, "ఇతను మా పైలట్" అని పరిచయం చేసేవారు. నాన్న ఎయిర్‌పోర్టులో పనిచేస్తాడని తెలిశాక ఆ పేరు ఊరికి మరీ నచ్చింది. ఎప్పటికైనా ఈవిడకి బదులు తీర్చుకోవాలని మెట్లు ఊడ్చినప్పుడల్లా ఒట్టు పెట్టుకునేవాణ్ణి.

ఎండలు ముదిరిన ఒక శుక్రవారం, బడినుంచి వచ్చేసరికి అమ్మ యూనిఫారంలోనే మంచం మీద కూర్చుని ఉంది. చేతిలో గీకిన ఫోన్ కార్డు. తాతయ్య పోయాడు. పొద్దున కాఫీ తాగి, గోడకి ఆనుకుని, అట్లాగే. భూస్థాపన మర్నాడు సాయంత్రం, అంటే ఇక్కడ పొద్దునే. మా పాస్‌పోర్టులు వీసా పొడిగింపుకని పంపించి ఉన్నాం. ఎగిరి వెళ్ళే దారి లేదు.

అమ్మ ఏడవలేదు. ఆమెని తొలుస్తున్నది ఇంకొకటి. మా ఊరి గుడిలో గంట దూలం పుచ్చిపోతే గంటని దింపి నేలమీద పెట్టేశారట. ఇప్పుడు మైకులోనే అన్నీ. "ఊరందరికీ కొట్టినోడికి ఆఖర్న కొట్టే గంట లేకపోతే ఎట్టారా?" అంది. కార్డిగన్ తొడుక్కుని, "పద, గంటలమ్మగారింటికి" అంది. ఈ దేశం వచ్చాక అమ్మ ఎవరినీ ఏదీ అడగటం నేను చూడలేదు. జీతం తక్కువ పడినా అడగలేదు.

గంటలమ్మగారి వంటింట్లో ఏవో పుల్లకాయల జామ్ ఉడుకుతోంది. ఆ పులుపు ఘాటు గుమ్మందాకా వచ్చింది. అమ్మ నిలబడే అడిగింది: రేపు మా నాన్నని పెట్టే వేళకి పెద్దగంట కొట్టాలి, నేను ఫోనులో మా ఊరికి వినిపిస్తాను. గంటలమ్మగారు గరిటె తిప్పుతూనే ఒక్కొక్కటీ చెప్పారు. చావుగంట ఈ పారిష్, అంటే ఈ చర్చి పరిధిలోని, మనుషులకే. వికర్ ఒప్పుకోవాలి. రేపు పెళ్ళి ఉంది. పైగా వారాంతాలకి లండన్ నుంచి వచ్చే కొత్త ఇళ్ళవాళ్ళు గంటల గోల మీద ఇప్పటికే కౌన్సిల్‌కి ఫిర్యాదు పెట్టారు.

"మా నాన్నదీ మీ పనే, మేడమ్. నలభై ఏళ్ళు" అంది అమ్మ, తన కేర్ హోమ్ ఇంగ్లీషులో.

గరిటె ఆగింది. "వయసెంత?"

నాకు అర్థం కాలేదు. ఆవిడే వివరించారు. ఈ టవర్లో చావుగంట ఏడాదికో దెబ్బ. మనిషి ఎన్నేళ్ళు బతికితే అన్ని, ఒకటి తక్కువ కాదు, ఒకటి ఎక్కువ కాదు. ఊళ్ళో వాళ్ళు తోటపని ఆపి లెక్కపెట్టుకుంటారు. ఎవరు పోయారో ఆ లెక్కనిబట్టే పోల్చుకునేవారట.

అమ్మ నావైపు చూసింది. "సర్టిఫికెట్టుదా అని అడుగు."

అడిగాను. గంటలమ్మగారు నన్ను అనుమానంగా చూశారు. "వయసు అడిగాను."

అమ్మ చెబుతుంటే నేను తిప్పి చెప్పాను. బళ్ళో చేర్చినప్పుడు మేష్టారు తోచిన తేదీ వేశారు. దాని ప్రకారం తాతయ్య తన సొంత తమ్ముడికంటే చిన్నవాడు. ముత్తవ్వ లెక్కలో పెద్ద గాలివాన వచ్చిన ఏడు పుట్టాడు. ఏ గాలివానో ఆవిడతోనే పోయింది. చెప్పేకొద్దీ అమ్మ గొంతు సన్నబడింది. కన్నతండ్రి వయసు తెలియని కూతురు ఉంటుందని ఈ దేశంలో ఎవరికైనా ఎట్లా చెప్పడం? చివరికి, "మా వైపు లెక్క ఉండదు. మనసు నిండేదాకా కొడతారు" అని, పక్కనున్న కుర్చీలో కూలబడి, అప్పుడు ఏడ్చింది.

జామ్ అడుగంటుతున్న వాసన. గంటలమ్మగారు పొయ్యి కట్టేసి, అమ్మకెదురుగా కూర్చున్నారు.

"నాకూ రెండున్నాయి" అన్నారు.

ఆవిడ భర్త ఆవిడకంటే చిన్నవాడట. పెళ్ళప్పుడు కొన్నేళ్ళు తీసి పక్కన పెట్టారట. ఆయన పోయాక తిరిగి కలుపుకుందామంటే అప్పటికే ఊరంతా ఆ తక్కువ వయసుకే అలవాటు పడిపోయింది. అసలుది ఎంతో అమ్మకి చెప్పారు. నాకూ వినపడింది. అది మా తాతయ్య వయసుని ఏ లెక్కన చూసినా మించిపోయింది. నేను నోరు తెరిచేలోపు జామ్ గరిటె నా ముక్కుకెదురుగా వచ్చింది. నేను నోరు మూశాను.

"వికర్‌ని అడుగుతాను. ఆయన వద్దంటే లేదు" అని లేచారు. అంతకంటే గట్టి మాట దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మ తెల్లచీర కట్టుకుని చర్చి గోడ మూలకి చేరింది. ఊళ్ళో మొబైల్ సిగ్నల్ దొరికేది అక్కడొక్కచోటే, ఒక ఓడ కెప్టెన్ సమాధి పక్కన. చర్చిలో ఆడవాళ్ళు పెళ్ళికి పూలు కడుతున్నారు. టవర్ తలుపుకి తాళం. గంటలమ్మగారి జాడ లేదు. నేను గేటుకీ తలుపుకీ మధ్య తిరుగుతున్నాను.

అనుకున్న వేళకి ఇంకా చాలా ఉందనగా ఫోన్ మోగింది. మామయ్య. ఆయన గొంతు అమ్మ చెవి దాటి నాదాకా వచ్చింది. "అక్కా, మబ్బు కమ్మింది. వాన పడితే గుంటలో నీళ్ళు చేరతయ్యంట. పాస్టరయ్యగారు తొందరపెడతన్నారు. పెట్టెని సమాధుల తోటకి తీసకపోతన్నాం."

"కాసేపు ఆపరా" అంది అమ్మ.

"మబ్బునెవరు ఆపుతారక్కా?"

అమ్మ నావైపు చూసింది. నేను తలుపు దగ్గరికి పరిగెత్తి, తాళాన్ని లాగి, తన్నాను కూడా. అప్పుడు సైకిల్ గంట వినపడింది. చిన్నదే అయినా నా జన్మలో విన్న గంటల్లోకెల్లా అదే పెద్దది. గంటలమ్మగారు రొప్పుతూ దిగి తాళంచెవి వెతుకుతున్నారు.

వికర్ గారేమన్నారని అడిగాను.

"రాత్రినుంచి ఇంట్లో లేరు. కాబట్టి వద్దనలేదు."

మెట్లెక్కుతూనే చెప్పారు. పెద్దగంట కొట్టే రైతు గడ్డికోతలో ఉన్నాడు, పెళ్ళి వేళకి గానీ రాడు. నొప్పి పుట్టిన భుజంతో తన ఒక్కదానివల్ల పెద్దగంట కాదు. అందుకని నేను కొట్టాలి. ఉన్ని నాది, కొస తనది, రోజూలాగే. రోజూ చిన్నగంట అని నేను గుర్తుచేశాను. "గంట నోరు పైకుంది. ఈసారి నువ్వు అడక్కముందే చెబుతున్నాను" అన్నారు.

తాడు పట్టుకున్నాను. ఆ ఉన్ని నా అరచేతుల చెమటకి తడిసిపోయింది. పైకప్పులో తాడు దూరే కన్నం కనిపించింది. ఒకసారి దానిదాకా వెళ్ళొచ్చినవాణ్ణి. ఆవిడ సన్నని కిటికీలోంచి బయటికి చూశారు. అమ్మ ఫోన్‌ని నెత్తికంటే ఎత్తుగా పట్టుకుని నిలబడి ఉంది.

"లాగు. వదులు."

పైన బరువు కదిలింది. తాడు లేచింది, నేను లేవలేదు. గంట పలికింది. ఆ పలుకు గోడల్లోంచి, నా పళ్ళలోంచి వెళ్ళింది. ఆవిడ కొస పట్టి లాగారు, గంట తిరిగి నిలబడింది. ఊపిరంత ఎడం. మళ్ళీ.

ఆవిడ పెదవులు లెక్కపెడుతున్నాయి. కొంతసేపటికి, "సర్టిఫికెట్టు అయింది" అన్నారు. ఆపుతారేమోనని చూశాను. ఆవిడ కిటికీ వైపు చూస్తున్నారు. "మీ అమ్మ చెయ్యి దించలేదు. లాగు."

అప్పుడే కింద తలుపు దబదబా బాదారు. పెళ్ళికొడుకు తండ్రట, పొడుగు టోపీ పెట్టుకుని ముందుగా వచ్చాడని తర్వాత తెలిసింది. శుభమా అని పెళ్ళిపూట చావుగంట ఏమిటని కేకలు. గంటలమ్మగారు తాడు మీదినుంచి కళ్ళు తిప్పకుండా, "వినపడటం లేదు. గంట మోగుతోంది" అని జవాబిచ్చారు. కేకలు కాసేపు సాగి ఆగిపోయాయి. ఆవిడ లెక్కపెట్టడం మానేశారని అప్పుడు గమనించాను. పెదవులు కదలటం లేదు. భుజం నొప్పికి ముఖం పాలిపోయింది. నా చేతులు బొబ్బలెక్కాయి. ఏ గాలివాన ఏడు లెక్కన చూసినా తాతయ్య వయసు దాటిపోయే ఉంటాం.

అమ్మ చెయ్యి దించింది.

"నిలబెట్టు" అన్నారు. ఆఖరిసారి, ఊతం మీద, మెల్లగా. నిలబడింది. నేను చాపమీద కూర్చుండిపోయాను, ఆవిడ గోడకి ఆనుకున్నారు.

కిందికి వెళితే అమ్మ చెప్పింది: మామయ్య ఫోన్‌ని పెట్టె మీద పెట్టాడట. గంట వినపడగానే అయ్యగారు పాట ఆపించారట. మన గంట దింపేశారుగా, ఇదెక్కడిదని ఎవరో అంటే, ఒక ముసలాయన "నోర్మూసుకుని వినరా" అన్నాడట. మన్ను పోసేదాకా వాన పడలేదు.

మర్నాటి అభ్యాసానికి నేను కాస్త ఛాతీ విరుచుకునే వెళ్ళాను. గంటలమ్మగారు చీపురు అందించారు. "శనివారం సంగతి శనివారంతో సరి. మెట్లమీద పుల్లలు పడ్డాయి." ఆ వారమే వేరే ఊరి గంటలవాళ్ళు వస్తే నన్ను పిలిచి, "ఇతను మా పైలట్" అన్నారు. మొత్తం కథ, విరిగిన ఊతంతో సహా, మళ్ళీ. శనివారం సంగతి మాత్రం ఒక్క ముక్క లేదు. కాబట్టి బదులు తీర్చుకుంటానన్న నా ఒట్టు నా దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ ఊళ్ళో గంటలు కొట్టేవాళ్ళు లేరు. తాళ్ళు పైకి చుట్టి కట్టేశారని విన్నాను. కేర్ హోమ్ ఫ్లాట్లయింది. మొబైల్ సిగ్నల్ అన్నిచోట్లా వస్తుందట. ఇక ఆ ఓడ కెప్టెన్ సమాధి పక్కన ఎవరు నిలబడతారు?

నేను చదువుకి గ్లాస్గో బయల్దేరే ముందు ఎండాకాలం గంటలమ్మగారు పోయారు. చివరి నెలలు మా అమ్మ కేర్ హోమ్‌లోనే ఉన్నారు. స్నానం చేయించింది, జుట్టు దువ్వింది అమ్మే. అప్పటికి పెద్దగంట నాదే, కొస కూడా నాదే. చర్చిలో పంచిన కాగితం మీద ఆవిడ వయసు అచ్చయింది, ఊరికి అలవాటైనది.

ఊరంతా సమాధుల మధ్య తలలు వంచుకుని నిలబడి లెక్కపెడుతోంది. కాగితం మీది అంకె వచ్చింది. తర్వాతి దెబ్బకి కొన్ని తలలు లేచాయి. ఆ తర్వాతి దెబ్బకి అన్నీ లేచాయి. పోస్టుమాన్ తన వేళ్ళకేసి చూసుకున్నాడు. నేను ఆపలేదు. ఆవిడ పెళ్ళినాడు తీసి పక్కన పెట్టిన ఏళ్ళన్నీ ఒక్కొక్కటే, ఊపిరంత ఎడమిచ్చి, టవర్ మీదినుంచి ఊరందరికీ వినపడేలా ఆవిడకి తిరిగి ఇచ్చేశాను. కిటికీలోంచి చూస్తే గోడ మూల అమ్మ వేళ్ళు మడుస్తోంది. ఆఖరి దెబ్బకి ఆఖరి వేలు సరిగ్గా మడిచింది. నవ్వు ఆపుకోలేక పైటచెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఏడుస్తోందనుకుని భుజం తట్టారు.

కిందికి రాగానే వికర్ గారు నన్ను పక్కకి పిలిచి, లెక్క తప్పిందా నాయనా అని అడిగారు.

"లేదండీ. మా వైపు అలవాటు. మనసు నిండేదాకా కొడతాం" అన్నాను.

పైలట్‌కి లెక్కలు రావని ఊరు ఆ రోజే తేల్చేసింది. నేను కాదనలేదు.